మనవలతో సముద్రపు ఒడ్డున ఒక రోజు: ముందు మధ్యాహ్నం సంగతి తేల్చుకోండి

ఎల్లుండి మనవలు దిగుతున్నారు. ఒకడు హైదరాబాద్ నుంచి, ఇద్దరు బెంగళూరు నుంచి. వాళ్ళ అమ్మానాన్నలు ఏదో పెళ్ళికి పోతూ, ఒక రోజంతా పిల్లల్ని మీకు వదిలేస్తామన్నారు. మీకు సంబరమే. ఈపాటికే ఓ కాగితం మీద రాసేసి ఉంటారు: పొద్దున్న ఆర్కే బీచ్, అక్కణ్ణుంచి సబ్‌మెరైన్, ఎదురుగానే విమానం, తర్వాత జూ, కైలాసగిరి, సాయంత్రం రుషికొండ. వీలైతే భీమిలి.

ఆ కాగితం ఒకసారి తీసి చూడండి. పదకొండు నుంచి నాలుగు దాకా ఏం రాశారు? "భోజనం" అని ఒక్క మాట, అంతేనా? భోజనం ఎక్కడ? తిన్నాక చిన్నది ఎక్కడ పడుకుంటుంది? మీరు మాత్ర వేసుకుని నడుము ఎక్కడ వాలుస్తారు? రోజు చెడేది సరిగ్గా ఆ ఖాళీలోనే. పొద్దున్న పిల్లల్ని ఆడించే పని సముద్రమే చూసుకుంటుంది. సాయంత్రం గాలి చూసుకుంటుంది. మధ్యలో ఆ ఐదు గంటలే మీ పూచీ.

అందుకని ప్లాను తిరగేద్దాం. మధ్యాహ్నంతో మొదలుపెట్టి, మిగతాది దానికి అటూ ఇటూ సర్దుదాం. ఉదాహరణకి విశాఖపట్నం, భీమిలి తీసుకుంటున్నాను. మీది కాకినాడో చీరాలో బందరో అయితే పేర్లు మార్చుకోండి. ఎండ మాత్రం ఎక్కడైనా అదే.

1. నీడ ఎక్కడో ముందు రాయండి

మే నెలలో మన తీరంలో ఐదున్నర కాకముందే తెల్లారిపోతుంది. ఎనిమిదిన్నరకి ఇసుక వెచ్చబడుతుంది, పది దాటితే కాలు పెట్టనివ్వదు. టీవీలో డిగ్రీలు చూస్తే రామగుండం కన్నా, విజయవాడ కన్నా విశాఖలో తక్కువే ఉంటాయి. కానీ గాలిలో తేమ ఉంది కదా, పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడేది. హైదరాబాద్ పొడి ఎండకి అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడి ఉక్కపోతకి గంటలో డీలా పడతారు. ఎందుకు చిరాకుగా ఉందో వాళ్ళకీ తెలియదు. మనం దానికి మొండితనం అని పేరు పెడతాం.

మీ ఇల్లు బీచ్‌కి అరగంట దూరంలో ఉంటే వేరే ఆలోచనే వద్దు, పదిన్నరకి ఇంటికొచ్చేయండి. "మళ్ళీ వెనక్కా? ఆటో డబ్బులు దండగ" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వినకండి. స్నానం, పెరుగన్నం, ఫ్యాను కింద చాప. నాలుగింటికి లేచిన పిల్లల్ని చూస్తే, పొద్దున్న గొడవ చేసినవాళ్ళు వీళ్ళేనా అనిపిస్తుంది.

విజయనగరం నుంచో అనకాపల్లి నుంచో వస్తున్నారనుకోండి. విశాఖలో చుట్టాలెవరున్నారు? "భోజనానికి వస్తాం" అన్నారో, వాళ్ళు పొద్దుట్నుంచీ నాలుగు కూరలు వండుకుని కూర్చుంటారు. పిల్లలు రెండు ముద్దలు తిని లేస్తారు. అందరికీ మొహమాటం. ఫోన్‌లో ముందే ఇలా చెప్పేయండి: "వదినా, భోజనం మేమే తెచ్చుకుంటున్నాం. నువ్వు పొయ్యి వెలిగించావంటే రాను. పిల్లలు రెండు గంటలు మీ హాల్లో దొర్లితే చాలు." వదినగారు ఎలాగూ మజ్జిగ చేసి ఉంచుతుంది. దానికి అభ్యంతరం లేదు.

చుట్టాలు లేరా? పగటి పూటకి ఒక గది తీసుకోండి. ఖర్చేనని తెలుసు. చూడాల్సిన వాటిలో ఒకటి రెండు కొట్టేసి, ఆ టిక్కెట్ల డబ్బులు గదికి మళ్ళించండి. మాల్‌ని మాత్రం ఆఖరి దారిగా ఉంచుకోండి. అక్కడ చల్లగా ఉంటుంది గానీ పడుకునే చోటుండదు. పైగా ప్రతి కొట్టు ముందూ పిల్లలతో మీకో పంచాయితీ.

2. రోజుకి పెద్ద పని ఒకటే

మధ్యాహ్నం కుదిరాక మీ చేతిలో మిగిలేవి రెండు ముక్కలు: పొద్దున్న ఐదున్నర నుంచి పదిన్నర దాకా ఒకటి, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా ఒకటి. వీటిలో ఒకదాంట్లో పెద్ద పని పెట్టండి. రెండో ముక్క ఊరికే ఇసుకకి వదిలేయండి. పెద్ద పని ఏది అన్నది పిల్లల వయసు చెబుతుంది.

ఐదేళ్ళ లోపు వాళ్ళకి పెద్ద పనే అక్కర్లేదు. ఒక చిన్న బకెట్టు, ఒక పాత గరిటె, తడి ఇసుక. వాడు రెండు గంటలు గొయ్యి తవ్వుతాడు. మీకు విసుగొస్తుంది గానీ వాడికి రాదు. "ఇంత దూరం తీసుకొచ్చింది గొయ్యి తవ్వడానికా?" అని మీకనిపిస్తుందా? అవును, అందుకే.

ఆరు నుంచి పదకొండు మధ్య వాళ్ళకి ఐఎన్‌ఎస్ కుర్సురా బాగుంటుంది. ఈ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. 2001లో దానికి విశ్రాంతినిచ్చారు. మరుసటి ఏడు బీచ్ రోడ్డు పక్కన ఇసుక మీదికి చేర్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. ఈ అంకెలన్నీ పిల్లల ముందు అప్పజెప్పకండి, వాళ్ళకి బడిలో చాలు. లోపలికి వెళ్ళాక ఒక్క ప్రశ్న వేయండి: "ఇందులో డెబ్బై అయిదుగురు దాకా ఉండేవాళ్ళుట. వీళ్ళంతా స్నానం ఎక్కడ చేసేవారంటావ్?" ఇక మంచాలు లెక్కపెట్టడం, వంటగది వెతకడం వాళ్ళే చూసుకుంటారు.

ఒక హెచ్చరిక. లోపల అరకీ అరకీ మధ్య గుండ్రటి ద్వారాలుంటాయి. వంగాలి, కాలెత్తి దాటాలి, వెనకాల జనం తోసుకొస్తూ ఉంటారు. మోకాళ్ళు అరిగినవాళ్ళు బయట కూర్చోవడంలో నామోషీ లేదు. తాతయ్య లోపలికి వెళితే అమ్మమ్మ బయట, లేదా అటుది ఇటు. బయటున్నవారికి బయటికొచ్చాక పిల్లలే అంతా వివరించాలని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ వివరణ వినడానికి మహా సరదాగా ఉంటుంది.

ఇంకో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది, 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా నడుస్తోంది. "ఎదురుగానే కదా, అదీ చూసేద్దాం" అంటారు. ఎదురుగానే ఉన్నవి ఒకటొకటిగా కలిపే రోజు ముద్దయిపోతుంది. విమానం వచ్చే సెలవులకి ఉంచండి. "మళ్ళీ వస్తే అది చూద్దాం" అన్న మాట పిల్లలు మర్చిపోరు. వచ్చే ఏడు దించీ దించగానే అడుగుతారు.

సోమవారం పెట్టుకున్నారా? సబ్‌మెరైన్‌కి సెలవు, జూకీ సెలవు. మిగతా రోజుల్లో కూడా ఏ వేళకి తెరుస్తారో ముందు రోజే కనుక్కోండి. తలుపు మూసి ఉంటే ఆరేళ్ళ పిల్లకి సర్దిచెప్పడం ఎంత కష్టమో మీకు తెలుసు.

పన్నెండు దాటినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి గొయ్యి తవ్వడం చిన్నతనం, సబ్‌మెరైన్ యూట్యూబ్‌లో చూసేశారు. వాళ్ళని తొట్లకొండ ఎక్కించండి. రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం శిథిలాలు ఒక పక్క, కింద సముద్రం ఒక పక్క. లేదా భీమిలి తీసుకెళ్ళండి. దాని గురించి కింద విడిగా చెబుతాను.

మరి అన్ని వయసులవాళ్ళూ కలిసి వస్తే? చిన్నవాళ్ళని బట్టి చోటు ఎంచుకోండి, పెద్దవాడికి పని అప్పజెప్పండి. ఫోటోలు వాడివి, చిల్లర లెక్క వాడిది, దారి చూపడం వాడిది. పని లేని పదమూడేళ్ళవాడు ఫోన్లోకి పోతాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు.

ఎక్కడికి వెళ్దామని పిల్లల్ని అడగాలా? అడగండి, కానీ తలుపులు బార్లా తీసి అడగకండి.

"ఎక్కడికెళ్దాం కన్నా?"
"దుబాయ్!"

అదీ సంగతి. "రోప్‌వేలో కైలాసగిరి ఎక్కుదామా, నీళ్ళలో మునిగే ఓడ చూద్దామా?" అని అడగండి. రెండిట్లో ఏదన్నా మీకు సమ్మతమే కాబట్టి నిశ్చింత. ఇద్దరూ చెరొకటి అంటే చీటీలు వేయండి. ఓడినవాళ్ళకి సాయంత్రం ఏం తినాలో ఎంచే హక్కు.

3. నీళ్ళ దగ్గర గారాబం పనికిరాదు

మిగతా అన్నిటా తాతా అమ్మమ్మలు మెత్తబడొచ్చు. ఇక్కడ వద్దు. ఈ ఒడ్డునే పుట్టి పెరిగినవాళ్ళం కనక మనకి ఒక ధీమా ఉంటుంది. ఆ ధీమా పిల్లలకి అంటుకోకుండా చూడాలి.

అలలు ఒడ్డుకి మోసుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోవాలి కదా. ఒక్కోచోట అది సన్నని దారి చేసుకుని జోరుగా వెనక్కి పోతుంది. రిప్ కరెంట్ అంటారు. చిక్కేమిటంటే ఆ చోట అలలు అంతగా విరగవు. చూడ్డానికి ప్రశాంతంగా కనిపిస్తుంది. "ఇక్కడ అలలు తక్కువ, పిల్లలకి బాగుంటుంది" అని కొత్తవాళ్ళు ఏరి మరీ అక్కడే దిగుతారు. రెండు పక్కలా నురుగు ఉండి మధ్యలో లేకపోతే, నీళ్ళు ఇసుక కలిసి రంగు మారి ఉంటే, తేలే చెత్త సముద్రంలోకి జారుతూ ఉంటే, ఆ చోటు వదిలేయండి. పెద్ద పిల్లలకి ఇది ఒడ్డున నిలబెట్టి చూపించండి. ఈత వచ్చినవాడు చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదని, ఒడ్డు వెంబడి పక్కకి ఈది ఆ లాగుడు దాటాకే ఒడ్డుకి రావాలని చెప్పండి.

పిల్లవాణ్ణి నీళ్ళు లాగేస్తే మీరు దూకకండి. వినడానికి కఠినంగా ఉంది, కానీ అరవై దాటిన తాతగారో చీర కట్టిన అమ్మమ్మగారో దూకితే కాపాడవలసినవాళ్ళు ఇద్దరవుతారు. గొంతెత్తి అరవండి. లైఫ్‌గార్డు, లేకపోతే దగ్గర్లో ఉన్న జాలరివాళ్ళు. తేలేది ఏదుంటే అది విసరండి: ఖాళీ నూనె డబ్బా, మూత బిగించిన పెద్ద నీళ్ళ సీసా.

ఇంట్లోనే చెప్పి ఒప్పించాల్సిన నాలుగు మాటలు:

మోకాలు దాకానే దిగాలి. మీ మోకాలు కాదు, వాడి మోకాలు.

నీళ్ళ దగ్గర ఒకరికి కాపలా. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండదు. ఇరవై నిమిషాలకి ఒకసారి కాపలా మారాలి. ఎందుకంటే "నువ్వు చూస్తున్నావనుకున్నా" అన్న మాట వినకూడని చోటు ఇది.

సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు తీయించుకోవద్దు. తడి బండల మీద అసలే వద్దు, వాటికి పాచి ఉంటుంది.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్లీఫిష్ కనిపిస్తే చూడొచ్చు, ముట్టుకోకూడదు. చచ్చినట్టు పడి ఉన్నా కుడుతుంది.

పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల పోటు ఎక్కువగా ఉంటుంది. పంచాంగం మీ ఇంట్లోనే ఉంది, ఒకసారి తిరగేయండి. అల్పపీడనం వార్త ఉన్నా, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలలున్నాయని హెచ్చరించినా ఆ రోజుకి నీళ్ళు మానేసి కొండ ఎక్కండి. నీళ్ళలోకి దిగి తీరాలని పిల్లలు పట్టుబడితే రుషికొండ మేలు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన బీచ్ అది. దిగడానికి గుర్తు పెట్టిన చోటు, కాపలా మనుషులు, బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఉన్నాయి. ఆ చివరిది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నాలుగేళ్ళ పిల్ల "తాతా, అర్జెంటు" అన్నప్పుడు మీకే తెలుస్తుంది.

ఇన్ని వద్దులు చెప్పాక ఒక ఆట కూడా చెప్పాలి. దిగగానే, అల చివరగా తడిపిన గీత దగ్గర ఒక పుల్ల పాతించండి. అరగంట ఆగి చూస్తే నీళ్ళు పుల్లని దాటి ఉంటే పోటు, దిగువకి పోయి ఉంటే పాటు. సంగతి చెప్పకుండా పందెం కాయించండి. మర్నాడు కూడా వస్తే అదే వేళకి అదే నీరు ఉండదు, రోజుకి యాభై నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. చందమామ కూడా రోజూ అంతే ఆలస్యంగా వస్తాడు. రెండిటికీ సంబంధం ఏమిటో తొమ్మిదేళ్ళవాణ్ణి తేల్చమనండి. జవాబు మీరు చెప్పేయకండి.

4. భీమిలి రోజు

నన్నడిగితే, పదేళ్ళు దాటిన పిల్లలకి విశాఖ కన్నా భీమిలే మేలు. జనం తక్కువ, అడగడానికి విషయాలు ఎక్కువ. బీచ్ రోడ్డు మీదుగా కారులో గంటలోపు ప్రయాణం. బస్సయితే విశాఖ రైల్వే స్టేషన్ నుంచి 900కె ఉంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పిల్లలకివ్వండి, సముద్రం అటే.

ఐదున్నరకి బయల్దేరితే పడవలు ఒడ్డుకి చేరే వేళకి వెళ్తారు. వలలోంచి చేపలు ఏరడం, బుట్టల్లో పోయడం, బేరాలు, అరుపులు. ఊళ్ళో ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ముక్కలే చూసిన పిల్లలకి ఇదొక లోకం. రెండు మర్యాదలు నేర్పండి: అడగకుండా ఫోటో తీయకూడదు, "ఛీ కంపు" అని ముక్కు మూసుకోకూడదు. అది వాళ్ళ జీవనం.

వేసవి సెలవుల్లో ఒక చిక్కుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. అరవై ఒక్క రోజులు. ఆ రోజుల్లో వెళితే సందడి పలచగా ఉంటుంది, కానీ పడవలన్నీ ఒడ్డునే దొరుకుతాయి. వలలు అల్లుకుంటూ, రంగులు వేసుకుంటూ కూర్చున్నవాళ్ళకి తీరిక కూడా ఉంటుంది. "అన్నయ్యా, మా మనవడికి వల ముడి ఎలా వేస్తారో చూపిస్తావా?" అని అడిగి చూడండి. కాదనేవాళ్ళు అరుదు.

అక్కణ్ణుంచి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకి నడిపించండి. నిరుడు ఈ పిల్లలు బొర్రా గుహలకి వెళ్ళారా? ఆ గుహల దగ్గర ప్రవహించేదీ ఈ గోస్తనీయే. అరకు వైపు కొండల్లో పుట్టి, ఇంత దూరం వచ్చి ఇక్కడ ఉప్పునీళ్ళలో పడుతోంది. మ్యాపు ఫోన్లో తీసి వేలితో దారి పట్టించండి.

తర్వాత డచ్చివాళ్ళ సమాధులు. పదిహేడో శతాబ్దంలో డచ్చి వర్తకులు ఇక్కడ స్థావరం పెట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది. ఇదంతా మీరు ఉపన్యాసంగా చెబితే రెండు నిమిషాల్లో ఆవలింతలు. దానికి బదులు రాళ్ళ మీద చెక్కిన ఏళ్ళు చదివించండి. "ఇందులో అందరికన్నా పాతది ఎవరిదో పట్టుకో" అనండి. ఇంత దూరం ఎందుకొచ్చారు, వెనక్కి ఎందుకు పోలేదు అని వాళ్ళే అడుగుతారు. అమెరికా నుంచి వచ్చిన మనవలైతే ఈ ప్రశ్న వేరే రకంగా కూడా అడగొచ్చు, సిద్ధంగా ఉండండి.

ఎనిమిదిన్నరకి టిఫిన్. తొమ్మిదిన్నరకి తిరుగు ప్రయాణం. దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఊరిస్తాయి. వేల ఏళ్ళ కిందట గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న ఇసుక, ఇనుము తుప్పెక్కి ఎర్రబడింది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అద్భుతమైన చోటు, నిజమే. కానీ నీడ లేదు. చూడదలిస్తే వెళ్ళేటప్పుడే, ఏడింటి లోపల చూసి, పడవల్ని మానుకోండి. వచ్చేటప్పుడు పదింటికి అక్కడ ఆపారో, మీరు పొద్దుట్నుంచీ సంపాదించిన మంచి పేరంతా ఆ ఎండలో ఆవిరైపోతుంది.

వేసవి మొదట్లో వస్తే ఇంకో అవకాశం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వాళ్ళు గుడ్లు ఏరి కంచె కట్టిన చోట్లలో కాపాడి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. అది ఏ రోజో ముందు కనుక్కుని పట్టుకోగలిగితే ఇంక వేరే ప్లానే అక్కర్లేదు.

5. తిండి, సంచి

బయట తినడం పూర్తిగా నిషేధిస్తే పిల్లలకి బీచ్‌కి వచ్చినట్టే ఉండదు. పూర్తిగా వదిలేస్తే రాత్రికి కడుపునొప్పి. మధ్యేమార్గం ఇది: వేడివేడిగా కళ్ళ ముందు కాల్చినవి, వేయించినవి సరే. మొక్కజొన్న పొత్తు, బజ్జీ, ముంత మసాలా. నీళ్ళు కలిపేవి, ముందే తరిగి పెట్టినవి వద్దు. కోసి ఉప్పూకారం జల్లిన మామిడికాయ ముక్కల మీద అందరికీ ప్రాణమే, అవి ఇంట్లోనే కోసి డబ్బాలో తెచ్చుకోండి. ముంజలు, కొబ్బరిబొండం ఎన్నయినా.

ఒక్కొక్కరి చేతిలో వంద రూపాయలు పెట్టేయండి. "ఇవాళ్టికి ఇంతే. ఐస్‌క్రీం కొంటావో, గాలిపటం కొంటావో, గుర్రం ఎక్కుతావో నీ ఇష్టం." ఇక ప్రతి బండి దగ్గరా మిమ్మల్ని పీకరు. మొదటి పది నిమిషాల్లో ఖర్చు పెట్టేసుకుని ఏడ్చేవాడు ఒకడుంటాడు. అప్పు ఇవ్వకండి. అవ్వా తాతల ప్రేమకి ఇదొక్కటే నిజమైన పరీక్ష.

సంచిలోకి: తువ్వాళ్ళు, ఒక్కో పిల్లకి రెండు జతలు, టోపీలు, మంచినీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ప్లాస్టర్లు, తడి బట్టలకి కవర్లు. ఒక సీసా నిండా మామూలు నీళ్ళు కాళ్ళు కడగడానికి. కొంచెం టాల్కం పౌడరు కూడా. తడి ఆరాక పౌడరు రాసి దులిపితే కాళ్ళకి అంటిన ఇసుక రాలిపోతుంది. గొడుగు ఎండకి కూడా పనికొస్తుందని మన మగవాళ్ళకి ఎవరైనా చెప్పాలి.

6. మీ ఒంటి సంగతి

ఈ భాగం దాటేసి ముందుకి వెళ్ళాలనిపిస్తోందా? అయితే మీకోసమే రాశాను.

షుగరు ఉన్నవాళ్ళు పిల్లల వెంట పడి భోజనం గంట ఆలస్యం చేస్తే చెమటలు, కళ్ళు తిరగడం మొదలవుతుంది. ఆ సమయానికి పక్కనున్నది ఏడేళ్ళ పిల్ల. కాబట్టి మాత్రలు, రెండు బిస్కెట్లు, నాలుగు చాక్లెట్లు సంచిలో కాదు, మీ జేబులో ఉండాలి. ఇంట్లో అందరికన్నా పెద్ద పిల్లకి ముందే చెప్పండి: "తాతయ్యకి కళ్ళు తిరిగితే ఈ జేబులో చాక్లెట్ తీసి ఇవ్వు, నాన్నకి ఫోన్ చెయ్యి." భయపెట్టినట్టు కాకుండా, బాధ్యత ఇచ్చినట్టు చెప్పండి. ఫోన్ తాళం ఎలా తీయాలో కూడా చూపించండి.

ఇసుకలో నడక మామూలు నడక కాదు, మడమ దిగబడి మోకాలి మీద బరువు పడుతుంది. నీళ్ళ అంచున గట్టిగా ఉండే తడి ఇసుక మీద నడవండి. మడత కుర్చీ ఒకటి పట్టుకెళ్ళండి. పిల్లల్ని ఎత్తుకోకండి. మూడేళ్ళు దాటినవాణ్ణి చంకనేసుకుని మెట్లెక్కే తాతగారు గొప్పవాడే, కానీ వారం రోజులు మంచం పడతాడు.

7. తప్పిపోతే

సాయంత్రం ఆర్కే బీచ్‌లో, అందునా ఆదివారం, పిల్లలు కళ్ళముందే మాయమవుతారు. ముందు జాగ్రత్తలు చిన్నవే. అందరికీ ఒకే కొట్టొచ్చే రంగు చొక్కా. బయల్దేరేముందు అందరికీ కలిపి ఒక ఫోటో. ఆ రోజు ఏం వేసుకున్నారో తర్వాత కంగారులో గుర్తురాదు. చిన్నవాళ్ళ జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ, చీటీ తడిసిపోతుంది కనక చేతి మీద పెన్నుతో కూడా. దిగగానే ఒక గుర్తు చూపించండి: "తప్పిపోతే కాళీమాత గుడి దగ్గరికి వచ్చి నిలబడు. మా కోసం వెతక్కు. మేమే వస్తాం." ఎవర్ని సాయం అడగాలో కూడా చెప్పండి: పోలీసులు, లేకపోతే పిల్లల్ని వెంటబెట్టుకున్న ఎవరైనా ఆంటీ. ఐదు నిమిషాల్లో దొరక్కపోతే మొహమాటపడకుండా 112కి ఫోన్ చేయండి.

8. వాళ్ళ అమ్మానాన్నలకి ఏం చెప్పాలి

ముందు రోజే మీ అమ్మాయిని, కోడల్ని మూడే విషయాలు అడగండి: ఏం పడదు, ఏ మందు ఎప్పుడు, నీళ్ళలోకి దిగనివ్వొచ్చా. మూడోదానికి "వద్దు" అంటే వద్దే. "మేం మిమ్మల్ని పెంచలేదా?" అన్న వాదన ఆ రోజుకి కట్టిపెట్టండి.

పగలంతా ఫోటోలు పంపుతూ కూర్చోకండి. పంపితే ప్రశ్నలొస్తాయి: టోపీ ఏది, చెప్పులేవి, ఆ చేతిలో ఏమిటి. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక ఒక ఫోటో, రాత్రి ఒక ఫోన్. ఐస్‌క్రీం రెండు తిన్నాడన్న సంగతి మీరే ముందు చెప్పేయండి. పిల్లలు దాచమంటే దాస్తారు గానీ పావుగంటకి మించి దాచలేరు. అప్పుడు ఐస్‌క్రీం కన్నా దాచడమే పెద్ద నేరమై కూర్చుంటుంది.

మర్నాటికి మాత్రం ఏమీ పెట్టుకోకండి. ఇంట్లో గచ్చు మీద ఇసుక ఊడ్చుకోవడం, తెచ్చిన గవ్వలు కంపు కొట్టకుండా కడిగి ఎండబెట్టించడం, పాతికసార్లు చెప్పిన సబ్‌మెరైన్ కథే మళ్ళీ వినడం. వీటికే సరిపోతుంది ఆ రోజు.